ఊరూ పేరూ లేనివి

పగలంతా నా కొలువు పోయిన వస్తువులతో.
బ్ర్నో ట్రాముల డిపోలో, మెట్లకింద గది.
ఒంటి చేతితొడుగు, ఆదివారం, ఆఖరి ట్రాము.
కళ్లజోడు, కుడి అద్దం బీట.
ఒకసారి ఎవరివో కట్టుడుపళ్లు, రుమాల్లో చుట్టి.
అన్నిటికీ చీటీ కడతాను.
ఆర్నెల్లు ఆగుతాను.

ఇంటికొస్తే ఇంకో చిట్టా.

కిటికీ పక్కన నలభై లీటర్ల గాజుతొట్టి.
నేను కొన్నది ఏడు ఎర్ర రొయ్యల్ని,
హెడ్వికా కొట్లో పిడికెడు నాచుని.
మిగతా ఊరంతా ఆ నాచులో దాక్కుని
టిక్కెట్టు లేకుండా దిగింది.

అద్దం మీద తెల్లటి దారప్పోగు పాకుతోంది.
తల బాణం మొనలా ఉంటే ఒక జాతి, మొండిగా ఉంటే మరొకటి అంటుంది పుస్తకం.
గంటసేపు వంగి చూశాను,
తల ఏదో తోక ఏదో తేలకముందే
నా నడుము తేలిపోయింది.
ఇసుకలో సగం పూడి ఊగే వెంట్రుకలున్నాయి.
నువ్వుగింజలాంటిది ఒకటి ఉంది,
రెండు చిప్పల మధ్య ఒళ్లు మూసుకుని దొర్లుతూ ఈదుతుంది.
ముట్టుకుంటే గింజ,
వదిలేస్తే ప్రాణి.

ఆకు అడుగున తలకిందులుగా వేలాడే పచ్చ కుచ్చు,
ఆరు సన్నటి చేతులు, దీన్ని మాత్రం గుర్తుపట్టాను. హైడ్రా.
పుట్టీపుట్టని రొయ్యపిల్లని పట్టి
సాంతం మింగేస్తుంది.

పై అంతస్తు హినెక్ చెప్పులీడ్చుకుంటూ దిగొచ్చి చూశాడు.
"పురుగూ పుట్రా. మందు పోసెయ్, బొహుమిలా."
పేరైనా తెలియనిదాన్ని ఎలా చంపను అన్నాను.
"తెలిస్తే చంపుతావా?"
దానికి నా దగ్గర జవాబు లేదు.
కాఫీ పెట్టాను.

సూక్ష్మదర్శిని కూడా పోయిన వస్తువే.
నీలం పెట్టె, పిల్లలది, జూకి వెళ్లే ట్రాములో దొరికింది.
ఆర్నెల్లయినా ఎవరూ రాలేదు, వేలంలో నేనే పాడాను.
పెట్టె అడుగున స్పాంజి కింద ఒక గాజుపలక,
దాని మీద ఎండిపోయిన ఏదో రెక్కలాంటి ముక్క,
పక్కన వంకరటింకర అక్షరాలతో అతికించిన చీటీ:
"ఇదేంటో తెలీదు. మే తొమ్మిది."
ఇరవై రెండేళ్లలో నేను రాసిన చీటీల్లో
ఇంత నిజాయితీ ఉన్నది ఒక్కటీ లేదు.

నిన్న రాత్రి దీపం కింద ఒక చుక్క పెట్టాను.
ఉలికిపడ్డట్టు ఉరికే నలుసు.
ఒంటికన్ను, ఎర్రగా, నుదుటి నడుమ.
తోకకి అటొకటి ఇటొకటి రెండు మూటలు, గుడ్లు.
కంట్లో పడ్డా నలుసే,
కడుపున పడ్డా నలుసే.
ఏ జాతో తేలాలంటే మీసాల కణుపులు లెక్కపెట్టాలట.
లెక్కపెట్టాలంటే అది కదలకూడదు.
కదలకూడదంటే చుక్క ఆరాలి.

ఆరుతోంది.
ఏడు, ఎనిమిది, తొమ్మిది.
అంచులు లోపలికి జరుగుతున్నాయి.
పది.
దాని గాజు ఒంట్లో పేగు కదలడం కనిపిస్తోంది,
మూటల్లో ఒక్కో గుడ్డూ విడివిడిగా కనిపిస్తోంది,
పదకొండు,
ఇంకో ఆరు కణుపులు ఉండొచ్చు, లేకపోనూ వచ్చు,
ఇంకో నిమిషం ఆగితే పేరు దొరుకుతుంది,
పెట్టడానికి ఎవరూ మిగలరు.

పిచికారీతో తొట్టినీళ్లు చిలికి
పలకని అలాగే ఎత్తి ముంచేశాను.
ఒక్క గెంతు. నాచులో కలిసిపోయింది.

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
ఒంటికన్నుది. మూటలు రెండు. కణుపులు పదకొండు,
ఆపైన తెలీదు. నవంబరు ఇరవై.

ఈ పొద్దున హైడ్రా పక్కన
దాని ఒంటిమీంచే మొలిచిన ఇంకో చిన్న కుచ్చు.
మూడే చేతులు, ఇంకా ఏం పట్టాలో తెలియనివి.
హినెక్‌కి చెప్పలేదు.