తలుపు బయట

చెప్పుల దుకాణం మూతపడి రెండేళ్ళు.
గోడమీద సైజుల పట్టీ ఇంకా ఉంది,
ఆరు, ఆరున్నర, ఏడు.
దాని కింద మడతకుర్చీలు వేసి
మమ్మల్ని కూర్చోబెట్టింది బెర్నడీన్ కుహార్స్కీ.
మిల్వాకీలో ఫిబ్రవరి, మంగళవారం, చీకటిపడ్డాక.
సరస్సు మీది గాలి తలుపు సందులోంచి
పాత బాకీ వసూలుకొచ్చినట్టు వస్తోంది.

మేం ఏడుగురం. జీతం లేని బోర్డు సభ్యులం.
బేకరీ ఎలిసేయో మోచేతుల దాకా పిండి,
లాండ్రీ మై ఇయా జేబులో చిల్లర గలగల.
అంత్యక్రియలు జరిపించే గ్రబ్ గారు
అందరికన్నా నిదానంగా కోటు విప్పారు.
ఆయన గిరాకీ ఎటూ పోదు.
నేను తాళాలవాణ్ణి, ఓర్విల్ ప్రెంటిస్.
ఈ వీధికి నూట పన్నెండు తలుపులు,
తొంభై దాకా నా చేతిమీదుగా తెరుచుకున్నవే.

బెర్నడీన్ ఒకప్పుడు ఇనుప సామాన్ల కొట్టు నడిపింది.
మేకులు తూచినట్టే మాటలు తూస్తుంది.
పుస్తకం తెరవలేదు.
బల్లమీద ఒక డాలరు పెట్టి
ఇదెవరిది, అంది.
వీధిది, అన్నాడు ఎలిసేయో.
మనది, అన్నాను నేను.
"కాదు. మూలమీది మంగలి ల్యూథర్‌ది.
మీకు ఓటెయ్యలేదు. మీటింగుకి రాడు,
వస్తే ఆ గంటసేపు కుర్చీ ఖాళీ.
కొట్టు పన్ను బిల్లులో అడుగున ఒక గీత,
అదేమిటో అడక్కుండానే కట్టాడు.
పూలకుండీ కొనేముందు అతని మొహం తలుచుకోండి."
అత్తసొమ్ము అల్లుడి దానం
ఇక్కడ చెల్లదన్నమాట.

తరవాత కోరం.
నలుగురుంటే సమావేశం, ముగ్గురుంటే కాఫీ.
తరవాత మినిట్స్.
ఎవరెంత గట్టిగా అరిచారో రాయొద్దు,
ఏం తేలిందో రాయండి.
గంటన్నర పోట్లాటకి ఒకటిన్నర వాక్యం.

వీధి చచ్చిపోతోందని ఎలా తెలుస్తుంది,
అడిగారు గ్రబ్ గారు, వృత్తిరీత్యా.
"ముందు మెట్లమీద మంచు తియ్యడం మానేస్తారు.
అద్దాలు పగలడం ఆ తరవాత."

చివర ఒక ఉత్తుత్తి ఓటింగు.
వీధి కెమెరాలకి మూడు కొటేషన్లు పంచింది.
రెండోదాని మీద పేరు చూసి
నా చెవులు వేడెక్కాయి.
జోలీన్ ప్రెంటిస్. మా అమ్మాయి.
ఉత్తుత్తి కాదు, అసలుదే,
పోయిన గురువారం ఇచ్చిందే.

"అందరికన్నా తక్కువ ధర," అన్నాను.
గొంతు నాది కానట్టుంది.
"పని నేనే నేర్పాను. తప్పేముంది?"
బెర్నడీన్ వాదించలేదు.
"తక్కువైతే నువ్వు లేకపోయినా తక్కువే,"
అని తలుపు వైపు చూపించింది.

బయట నిలబడ్డాను.
మంచు బూట్ల అంచు దాటి లోపలికి పోతోంది.
ఆ తలుపుకి తాళం బిగించింది నేనే,
చెప్పులవాడి పెళ్ళాం బతికున్న రోజుల్లో.
పదకొండు సెకన్లలో తియ్యగలను.
జేబులో చెయ్యి పనిముట్లను తడుముతూనే ఉంది.
నలభై ఏళ్ళుగా తలుపు బయట నిలబడే బతికాను,
ఎప్పుడూ తియ్యడానికే.
తియ్యకుండా నిలబడడం ఇదే మొదలు.

గాజు అవతల మై ఇయా ఏదో అంది.
ఎలిసేయో తల అడ్డంగా ఊపాడు.
నా గురించా? కూతురి గురించా?
కెమెరా స్తంభాల ఎత్తు గురించేమో.

షట్టరు దించి వస్తున్న ల్యూథర్ ఆగాడు.
"ఏం, గెంటేశారా?"
"లేదు. పాఠం."
"తలుపు బయట ఏం పాఠం?"
ఎలా చెప్పాలో తెలియక
"నీ డాలరు లోపలుంది," అన్నాను.
అతను నవ్వలేదు.
టోపీ చెవులమీదికి లాక్కుని
నా పక్కన నిలబడి
గాజులోంచి చూడ్డం మొదలెట్టాడు.

కాసేపటికి గ్రబ్ గారు తలుపు తీశారు,
ఎవరినో మోసుకెళ్ళేటప్పుడు తీసినంత మెల్లిగా.
ఏం తేలిందని నేనడగలేదు.
ల్యూథర్ అడిగాడు.