తొమ్మిదొందల ఎనభై గ్రాములు

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఏసీ షాపులో
కుర్రాడు దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు,
అప్పడం ఎత్తినట్టు.
"తొమ్మిదొందల ఎనభై గ్రాములండి.
బ్యాగులో ఉందో లేదో మీకే అనుమానం వస్తాది."

అనుమానం వారం నుంచీ ఉంది నాకు.
తొంభై రెండు వేలు.

నా పాతదాని బరువు
మొన్నటిదాకా ఎడమ భుజానికే తెలుసు.
పలాసలో రెండు, కాశీబుగ్గలో ఒకటి, అక్కుపల్లి రోడ్డులో ఒకటి,
నాలుగు జీడి ఫ్యాక్టరీల లెక్కలు అది నేనూ మోస్తున్నాం.
మొన్న జోగినాయుడి గారి ఫ్యాక్టరీలో
పప్పు ట్రే తీసిన జాగాలో కాటా మీద పెట్టాను.
ఎర్ర అంకెలు కాసేపు తడబడి
రెండు కిలోల ఏడొందల నలభై దగ్గర నిలబడ్డాయి.
"చార్జరు కూడా ఎయ్యమ్మా, దొంగ తూకం దేనికి?"
అంది దాలమ్మ.
మూడు కిలోల రెండొందలు.

కొత్తదాని బరువు చెప్పాను, ధర చెప్పాను.
పొట్టు తీసే చేతులన్నీ ఆగిపోయాయి.
"ఇదేటి సోద్యం? బరువు తగ్గితే రేటు పెరుగుతాదేటి?
గుండుకో రేటు, బద్దకో రేటు, ముక్కకో రేటు...
మా కాడ ఇలాటి లెక్క లేదే!"
కిలో పొట్టు తీస్తే తనకొచ్చే కూలితో
తొంభై రెండు వేలని భాగించి చెప్పమంది.
భాగించాను.
అంకె కనిపించింది.
కరెంటు పోయిందన్నాను.
నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అలాగని అబద్ధమూ కాదు, దీని బ్యాటరీ చచ్చి రెండేళ్లు.
కరెంటు పోతే ఇదీ పోతుంది,
సగం కొట్టిన జీఎస్టీ పట్టుకుని.
సున్నా కొట్టాలంటే గోటితో పొడవాలి.
లెక్కలు రాసేదానికి సున్నా లేకపోతే ఎలా?

కానీ కొత్తదానికి
డిజిటల్ సంతకం గుచ్చడానికి కన్నమే లేదు.
ఆ కన్నం విడిగా కొనుక్కోవాలట.
పైగా తిత్లీ రాత్రి రేకులు లేచిపోతుంటే
బియ్యం డ్రమ్ములో దాచింది దీన్నే.
తర్వాత మూడు వారాలు ఊరూరా తిరిగి
పడిపోయిన జీడిచెట్లని దీంట్లోనే ఎక్కించాను,
చెట్టుకో వరస.
అవన్నీ ఇంకా ఒక ఫోల్డర్లో పడి ఉన్నాయి.
కాటాకి తెలియలేదు.

మార్పిడికి మూడు వేలిస్తానన్నాడు కుర్రాడు.
చార్జరుతో కలిపి, కిలో వెయ్యికి తక్కువే.
పప్పయితే బేరమాడేదాన్ని.

షాపులో ఇంకోటి జరిగింది.
"పాస్‌వర్డ్ అక్కర్లేదండి, వేలు పెడితే చాలు."
బొటనవేలు పెట్టాను.
మళ్లీ పెట్టాను.
కుర్రాడు మెత్తటి గుడ్డతో ఆ గళ్లు తుడిచాడు.
మూడోసారి కూడా కాకపోతే
నా వేలు వైపు చూశాడు.

ఇంటర్ దాకా, సెలవులన్నీ,
అమ్మ పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టాను,
అరచేతులకి బూడిద రాసుకుని.
బూడిద ఆపగలిగినంతే ఆపింది.
రేషను మిషను అమ్మని గుర్తుపట్టకపోతే
డీలరు మీద అరిచేదాన్ని, బజారంతా వినేలా.
ఇక్కడ ఎవరి మీద అరుస్తాను?
ఏసీ చల్లగా ఉంది.
మంచినీళ్లు కూడా ఇచ్చారు.

"పిన్ పెట్టుకోవచ్చండి, నాలుగంకెలు,"
అన్నాడు మెల్లగా, పక్కవాళ్లకి వినపడకుండా.
ఎవరి కొడుకో, మర్యాద తెలిసినోడు.

శనివారం దాకా ఇదే రేటని కార్డిచ్చాడు.
టెక్కలి దాటాక సంచి భుజం మార్చాను.
కుడి భుజానికి అలవాటు లేదు,
అది కాసేపు ఊరుకుంది.
కొంటానో లేదో తేలనే లేదు,
పిన్ను మాత్రం అనేసుకున్నాను:
రెండు, ఏడు, నాలుగు, సున్నా.