నాలుగు వేల ఎనిమిది వందల దగ్గర

పొద్దున్నే స్టార్ట్ చేస్తే
మొదటి పది సెకన్లూ రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఉంటుంది.
"పోయింది, ఇంజన్ పోయింది" అంటాడు యాల్మరి.
పన్నెండు చలికాలాలుగా అదే మాట.
రాకెల్ చేతి తొడుగు తీయకుండానే
వాల్వ్ కవర్ మీద అరచెయ్యి ఆనించి
"నూనె ఇంకా పైకెక్కలేదు, ఆగు" అంటుంది.

కెమి ఊరి చివర, గడ్డకట్టిన సముద్రం పక్కన
ఒకప్పుడు చేపల వలలు ఆరేసిన షెడ్డు.
బయట మైనస్ ఇరవై ఆరు.
లోపల వెండి రంగు జపాన్ కారు, తొంభై ఆరు మోడల్.
స్టీరింగు ఈ దేశానికి ఎడ్డెమంటే తెడ్డెం,
పార్కింగ్ టికెట్టు అందుకోవాలంటే
యాల్మరి పక్క సీటు మీదుగా పాకాలి.

ఇన్‌టేక్ క్యామ్ కొసన ఒక పళ్లచక్రం.
దాని కడుపులోకి నూనె తోసుకెళ్తే
వాల్వులు ఇరవై డిగ్రీలు ముందే తెరుచుకుంటాయి.
నూనె ఆగితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది.
అంతే. నసగడం, నీళ్లు నమలడం దానికి రావు.
దానికి అవునో కాదో చెప్పే పాత కంప్యూటరు
నిరుడు మంచు కరిగిన నీళ్లలో తడిసి నోరు పడిపోయింది.
యాల్మరి అప్పు చేసి కొత్తది కొన్నాడు.
దానికి అన్నీ తెలుసు,
ఈ చక్రం ఒకటుందని మాత్రం తెలియదు.

ముప్పై ఒక్క ఏళ్లు కాగితం మిల్లులో ఎలక్ట్రీషియన్ రాకెల్.
మిల్లు మూసేసిన సాయంత్రం
ఒక టెస్టరూ, డబ్బాడు రిలేలూ కోటు కింద ఇంటికి తెచ్చుకుంది.
ఎవరూ అడగలేదు. తనే చెప్పింది నాకు.
వాటిలో ఒక రిలేను ఇప్పుడు సబ్బుపెట్టెలో బిగించింది.
ఆర్‌పీఎం కోసం ఒక తీగ, నూనె వేడి కోసం ఇంకొకటి:
అరవై డిగ్రీలు దాటేదాకా ఏ ఆజ్ఞా వెళ్లదు.
చల్లని నూనెతో పని చేయించడం
నిద్రలేవని పిల్లాడిచేత లెక్కలు చేయించడమే, అంటుంది.

మరి ఎప్పుడు వదలాలి?
కింద, టర్బో ఇంకా ఆవులిస్తున్నప్పుడు
తలుపు ముందే తెరిస్తే మంచిది.
పైకెళ్లాక ఆ తొందరే గొంతుకు అడ్డం.
ముందు తెరిచిన వాల్వు ముందే మూసుకుంటుంది,
లోపలికి ఉరికొస్తున్న గాలి
గుమ్మం దగ్గరే మొహం పగలగొట్టుకుంటుంది.

కారును గొలుసులతో రోలర్ల మీద కట్టేసి
ఒకసారి మొదటినుంచీ చివరిదాకా "అవును"తో,
ఒకసారి పూర్తిగా "కాదు"తో.
మిల్లు చివరి చుట్టలోంచి చింపిన కాగితం మీద
పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది.
ఒకటి త్వరగా లేచి త్వరగా అలిసింది,
రెండోది బద్ధకంగా బయల్దేరి చాలాసేపు నిలబడింది.
రెండూ ఒకదాన్నొకటి దాటిన చోట సున్నా చుట్టింది.
నాలుగు వేల ఎనిమిది వందలు.

మొదటి రాత్రి అక్కడే రిలే
పళ్లు కొరికినట్టు టకటకలాడింది,
పెట్టనా తీయనా, పెట్టనా తీయనా.
అందుకని తీయడం పైన, మళ్లీ పెట్టడం రెండు వందలు కింద.
ఆ సందు ఇచ్చాక నోరు మూసుకుంది.

మంచు మీద వేసిన దారిలో మొదటి పరుగు.
"నాకేం తేడా తెలియలేదు" అన్నాడు యాల్మరి,
పెట్టిన డబ్బుకు ఒక కుదుపైనా దక్కనివాడిలా.
రాకెల్ విసుక్కుని
మిల్లు ప్యానెల్ నుంచి ఊడదీసిన ఆకుపచ్చ దీపం ఒకటి
స్టీరింగు వెనక తగిలించింది:
వెలిగితే పట్టినట్టు, ఆరితే వదిలినట్టు.

రెండో పరుగులో అతను దీపాన్నే చూశాడు.
అది సరిగ్గా చోటు తప్పకుండా ఆరింది.
దారే ఎడమకు తిరిగింది, అతను తిరగలేదు.

ముక్కు దాకా మంచుదిబ్బలో కూరుకుపోయిన కారు
నింపాదిగా ఐడిల్‌లో కొట్టుకుంటోంది.
"ఆరింది రాకెల్! నా కళ్లతో చూశాను!"
ఆమె పార తేలేదు, తాడూ తేలేదు.
బానెట్ ఎత్తి,
ఈసారి తొడుగు తీసి
అరచెయ్యి ఆనించింది.