ఓర్మి అనే ఊళ్ళో

మాల్టా ద్వీపంలో ఓర్మి అని ఒక ఊరుంది.
వాళ్ళ భాషలో ఆ మాటకేం అర్థమో నాకు తెలీదు,
మన చెవికి మాత్రం ఓర్పులా వినబడుతుంది.
అక్కడ నజ్జరేనో పొట్టకూటికి రొట్టెలు కాలుస్తాడు.
రాత్రి రెండింటికి బట్టీ రాజేసి
పిండిముద్దని తక్కెట్లో వేసి
చిటికెడు గిల్లుతాడు, చిటికెడు అతుకుతాడు.
ముప్ఫయ్యేళ్ళలో ఎవరికీ తూకం తప్పింది లేదు.

తనని తాను తూచుకున్నది మాత్రం ఆసుపత్రిలోనే,
గోడకేసి చూస్తూ.
నూట అరవై ఎనిమిది.
బస్తాల్లో చెప్పమన్నాడు నర్సుని, నవ్విద్దామని.
ఆవిడ నవ్వలేదు.
దాదాపు ఏడు, అని తనే లెక్కగట్టుకున్నాడు.
ఏడు బస్తాలు మోస్తూ మెట్లెక్కుతున్నానన్నమాట.

కోతకి ముందు ఎనిమిది నెలలు.
సిగరెట్ మానాడు. నెత్తురిచ్చాడు, సీసాలకి సీసాలు.
నిద్రలో ఊపిరి ఆగుతోందని
ముక్కుకి గొట్టం తగిలించారు.
గురక లేని ఆ మొదటి మధ్యాహ్నం
భయమేసి, గుండె మీద చెయ్యేసి చూసింది జుజా.

"ఎందుకు తింటారు?" అనడిగాడు మనసు డాక్టరు.
ఆకలికి, అనబోయి ఆగాడు.
నాన్న పోయిన ఏడాది నుంచి
తెల్లారుజామున నాలుగింటికి, బట్టీ ముందు,
మొదటి వాయి రొట్టె విరిచి
టమాటా రుద్ది, నూనె పోసి, ఒక్కడూ కూర్చుని...
"అది ఆకలి కాదండీ," అన్నాడు. "తోడు."

చివరి రెండు వారాలూ పాల పొడి, పలచటి చారు.
కాలేయం పొట్ట మీద దుప్పటిలా పరుచుకుందట,
అది కాస్త ఒదిగితేనే కత్తికి దారట.
రొట్టెల వాసనలో నిలబడి గుక్కెడు గుక్కెడు తాగాడు.
పదో రోజున పట్టలేక
పెనం మీంచి దించిన రొట్టెని చెవి దగ్గర పెట్టుకున్నాడు.
చల్లారుతున్న పెంకు చిటచిటలాడింది.
చెవులతో తిని
కుర్రాడి చేతిలో పెట్టేశాడు.

మార్థీజ్, తిండి సంగతి చెప్పే అమ్మాయి,
గుడ్డు నిలబెట్టే గిన్నె ఒకటి బల్ల మీద పెట్టింది.
"మొదట్లో ఇంతే. ముందు నీళ్ళలాంటివి, తర్వాత గుజ్జు, తర్వాతే ముద్ద.
తినేటప్పుడు తాగొద్దు, తాగేటప్పుడు తినొద్దు.
మాత్రలు బతికినన్నాళ్ళూ.
మూడో నెల్లో జుట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది, కంగారుపడకండి."
అతను టోపీ తీసి నున్నటి తల చూపించాడు.
ఈసారి నవ్వింది.
"మరి రొట్టె?"
కాగితాలు సర్దుకుంది మార్థీజ్.
"కొందరికి పడదు. కొందరికి చాన్నాళ్ళు పడుతుంది."

ఆ పొద్దున ఉంగరం రాలేదు.
జుజా సబ్బు రాసి, తిప్పి తిప్పి లాగింది,
తన కొంగ్రొత్త పెళ్ళిని ఊడదీస్తున్నట్టు మొహం పెట్టి.

మెలకువ వచ్చేసరికి పొట్టలో మూడొంతుల పైన లేదు.
నొప్పి మాత్రం భుజంలో.
కడుపులోకి ఊదిన గాలి పైకెక్కిందన్నారు.
గాలి సంగతి అతనికి తెలుసు,
పిండికైనా లోపల గాలి చేరాకే పొంగు.
సాయంత్రానికల్లా లేపి నడిపించారు,
బిగుతు మేజోళ్ళతో, వరండా ఈ కొస నుంచి ఆ కొసకి.
మందు కొలిచే బుడ్డి గిన్నెలో నీళ్ళు.
దాన్ని పావుగంట తాగాడు.

అయిదో నెల. ఉంగరం ఇప్పుడు వేలికి నిలవదు,
దారంతో మెడలో వేసుకున్నాడు.
బట్టీ ముందు రొట్టె మొన ఒకటి, గోరంత,
నోట్లో వేసుకుని నమలడం లెక్కపెట్టాడు.
పద్దెనిమిదో నమలుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి, రుచికి.
మింగాక రొమ్ములో అడ్డం పడింది.
వంగి, తొట్టి అంచు పట్టుకుని, చాలాసేపు.
"ఏమైంది?" అంది జుజా గుమ్మంలోంచి.
చెయ్యెత్తి ఆగమన్నాడు.

తర్వాత ముద్ద తక్కెట్లో వేశాడు.
కాస్త ఎక్కువైంది. గిల్లాడు.
గిల్లింది వేళ్ళ మధ్య ఇంకా ఉంది,
ఎక్కడ పెట్టాలో తోచక.