ఒత్తు

నైటు షిఫ్టులో నా పని
సీసాలకవతల వెలుగు చూడటం.
తెల్లదీపం ముందర ఒక్కోటే జరిగిపోతా వుంటాది.
నలకుంటే, నెర్రె వుంటే,
అడుగున చచ్చిన చీమ వుంటే
తీసి పక్కన పెట్టాల.
నిమిషానికి తొంభై.
రెప్పేసే లెక్క కూడా సూపర్‌వైజరుదే.

గుడిపాల దాటినాక, అరవం బోర్డులు మొదలయ్యే ముందర
మా బీరు ఫ్యాక్టరీ.
మా అత్తకు మాత్రం కూల్‌డ్రింకుల కంపెనీ.
మాట దాగింది గానీ వాసన దాగలే.
మొలకగట్టిన రాగులు వేయించినట్టు
కొప్పులో కూసోని ఇంటిదాకా వస్తాది.
ఆమె ముక్కెగబీల్చి
ఏమీ అడగదు.

మొదట్లో కుడిచెవిలో పాట పెట్టుకునేదాన్ని,
కొంగు కప్పి.
ఎడమచెవి సీసాలకు.
తిరుపతి స్టేషను నిద్రపోయినాక
వేలూరు పక్క నించి ఏదో అరవ పాట
సగం గాల్లో, సగం గరగరలో.
మాటలు తెలీకపోయినా
ఎక్కడ ఏడస్తా వుండాదో తెలిసేది.

ఆడికృత్తిక ముందువారం
లేబులు మిషన్లో సెల్వి చున్నీ చిక్కుకునింది.
చెవిలో పాటుండి మా కేకలు వినబడలేదంట.
సెల్వికి ఏం కాలే. చున్నీ పోయింది.
మర్నాటి నించి గేటుకాడ ప్లాస్టిక్ బుట్ట,
ఫోన్లన్నీ బుట్టలో.

ఆ రాత్రి సీసాలు వుత్త సీసాలు.
గలగల అంటారు గానీ
వెయ్యి ఒక్కసారి అంటే అది గలగల కాదు,
కొళాయి కాడ తగువు.

రెండుగంటల టీ అప్పుడు
ఏడో ట్యాంకుకు జారగిలి కూసోనుండాడు చెంగల్రాయన్న.
"ఇట్రా మే. ఆనుకో.
చెవి కాదు, వీపు."

వీపులోకి ఎక్కింది ఒక మోత.
గోడవతల కంప్రెసరు.
రోజూ నేను తిట్టుకునేదే.

"నా పనీ ఇదే వుండె" అన్నాడు.

పెండ్లిళ్ళలో చిన్నాయనది సన్నాయి,
అన్నది డోలు,
ఈయప్పది ఒత్తు.
బెజ్జాలన్నీ మైనంతో మూసిన గొట్టం.
ఒకే స్వరం.
బుగ్గల్లో గాలి దాచుకోని ముక్కుతో పీల్చుకుంటా
గణపతి పూజ నించి గట్టిమేళందాకా
తెగకుండా.
"వూదేటప్పుడు ఎవురూ వినరు మే.
ఆపితే అందురూ తిరిగి చూస్తారు."

పద్నాలుగేండ్లు వూదినాడు.
ఓ పొద్దు చిన్నాయన మద్రాసు నించి పెట్టె తెచ్చినాడు.
టిఫిను డబ్బా అంతే.
స్విచ్చేస్తే అదే స్వరం.
దానికి బస్సు చార్జీ లేదు, పంక్తిలో ఆకు లేదు.

"కోపం రాలే. నాకన్నా సుద్దంగానే వుండె.
ఊపిరి తీసుకునేది యాడా తెలీదు,
అదే రవంత..."
అని ఆపేసి, గ్లాసు కడుక్కోను లేచినాడు.

పోతాపోతా బకెట్టు చూపించినాడు.
పులిసే బీరు వదిలే గాలి
పైపులోంచి నీళ్ళలోకి బుడుక్ బుడుక్.
మొదటిరోజు తాళి కట్టేవేళ డోలంట.
అయిదోరోజుకు
పందిరి విప్పేటోళ్ళు మాట్లాడుకున్నట్టు.
మీటర్లు చూసే పిల్లోడు చీటీ రాయకముందే
ఈయప్ప చెప్పేస్తాడు ఏ ట్యాంకు ఎన్నాళ్ళదో.
ఒక చుక్క నోట్లో పెట్టిన పాపాన పోలే.

నిన్న మూడున్నరకు కరెంటు పోయింది.
దీపం ఆరింది. బెల్టు ఆగింది.
సీసాలు ఒకదాన్నొకటి తట్టుకోని వూరకుండిపోయినాయి.
చీకట్లో అందురం
ట్యాంకుల గది పక్కకే తిరిగినాం.
ఎందుకు తిరిగినామో ఎవురికీ తెలీదు,
నాకు తప్ప.

జనరేటరు అందుకునింది.
మోత మళ్ళీ వచ్చింది.
గోడవతల నించి నాలుక చప్పరించిన చప్పుడు,
వెనకే విసుగు గొంతు:
"సుతి దిగిపొయ్యిందబ్బా!"

నవ్వుకుంటా వుంటే
మూడు సీసాలు చూడకుండానే దాటిపోయినాయి.
ఏ వూర్లో, ఎవురు తెరుస్తారో.