నల్లా వచ్చినంక

చంపాపేట ట్రాన్స్‌ఫార్మర్ తుమ్మితే
మౌలాలిలో నా ఫోను మోగేది.
"సారూ, కరెంటు పోయి వచ్చింది.
పొట్వలు వస్తలేవు."

మొగులమ్మ.
సైదాబాద్ స్కానింగ్ సెంటర్లో రాత్రి డ్యూటీ.
ఊడ్చేది ఆమే, తాళంచెవి ఆమెదే,
రెండు దాటాక ఆ మేడ మొత్తానికి
మెలకువ కూడా ఆమే.

రిసెప్షన్ బల్ల కింద, చెప్పుల అర పక్కన,
నాలుగు డిస్కుల నల్ల డబ్బా.
బస్తీల మోకాళ్ళు, జారిన వెన్నుపూసలు,
ఇంకా పేరు పెట్టని పిల్లల గుండెలు
అన్నీ అందులోనే.
కరెంటు రాగానే డబ్బా లేస్తుంది, సర్వరూ లేస్తుంది.
ఒకదాన్నొకటి గుర్తుపట్టవు.
అలిగి పడుకున్న మొగుడూ పెళ్ళాల్లాగా
మధ్యలో ఎవరో ఒకరు మాట కలపాలి.

ఆ మాట పది అక్షరాలు.
ఇంగ్లీషు రాని ఆమె వేలికి
నిద్రమత్తులో నేను అందించేవాణ్ణి:
మొదట పాము. తర్వాత గిన్నె.
సగం జొన్నరొట్టె. సున్న.
పొడుగు మీట ఒకసారి.
రెండు గుట్టలు, మళ్ళీ సున్న, మళ్ళీ గిన్నె,
గడియ ఏటవాలుగా పడ్డ తలుపు,
కరెంటు స్తంభం.
పొడుగు మీట. చిన్న గీత.
చివరికి నిచ్చెన.

"తాళం మాట కొట్టేటప్పుడు
తెర మీద ఏం పడదు, భయపడకు" అంటే
"మొక్కుకున్నట్టే గద సారూ" అంది.
స్కాన్ కవరు వెనక బొమ్మలు గీసుకుని
మానిటర్‌కి అంటించుకుంది.

జూలైలో ఒక రాత్రి
నేను ఫోను సైలెంటులో పెట్టి పడుకున్నాను.
బొమ్మల కాగితం చెమ్మకు ఊడి
ఎటో పోయిందట.
ఒక పంక్చర్ షాపాయన తల లోపలి చిత్రం
నలభై నిమిషాలు
డబ్బాలోనే ఉండిపోయింది, డాక్టరుకు అందక.
బతికాడు.
అయినా మర్నాడు పొద్దుగూకగానే
బండి తీశాను.

బూటుతోపాటే లేవమని సర్వీసుకు చెప్పాను.
ఫైలు చివర ఒక లైను చేర్చాను.
ప్లగ్గు పీకి, పెట్టాను.
రాలేదు.
మళ్ళీ పీకాను.
లాగులో అదే ఏడుపు:
డబ్బా కోసం చేయి చాచాను, దారే లేదు, వదిలేశాను.
నాలుగోసారికి నా నోట్లోంచి ఒక బూతు.

మాపు కర్ర గోడకానించి మొగులమ్మ అడిగింది:
"ఏమంటుంది సారూ?"
చెప్పాను, విసుగ్గా, ఎలా చెప్పాలో తెలియక:
నెట్టు లేవక ముందే డబ్బాను వెతుకుతోంది.
ఆమె నవ్వలేదు.
"మా సింగరేణి కాలనీల నల్లా దినం తప్పి దినం.
కొత్త కోడలుంటది సూడు,
రాకముందే బిందె పెట్టి కూసుంటది, గాలి నిండుతది.
నీళ్ళ సప్పుడు ఇన్నంకనే బిందె.
బిందె నిండినంకనే పొయ్యి."

నా చేయి కాసేపు కీబోర్డు మీదే ఉండిపోయింది.

అదే రాశాను, ఆ వరసలోనే.
నెట్టు లేచిందని ఖాయమయ్యాకే డబ్బా,
డబ్బా దొరికాకే పొట్వల సర్వీసు,
దొరక్కపోతే ముప్పై సెకన్లు ఆగి, ఇంకోసారి.
పదిహేనేళ్ళుగా యంత్రాలకు "మొదలుపెట్టు" చెబుతున్నవాణ్ణి.
"ఆగు" అని చెప్పడం
ఆ రాత్రి నేర్చుకున్నాను.

ప్లగ్గు పీకింది ఆమే. పెట్టింది ఆమే.
ఫ్యాన్లు గుర్రుమని, తగ్గాయి.
ఒక పచ్చ దీపం. చాలాసేపు ఒకటే.
తర్వాత రెండోది.
తెర మీద ఎవరిదో మోచేయి,
తెల్లగా, కొంచెం వంకరగా.

"ఇగ దానికి యాదికుంటదా?"
"ఉంటది."
"మంచిగుంది" అని
బకెట్ ఎత్తుకుని కారిడార్లోకి పోయింది.
ఆ 'మంచిగుంది'లో ఏముందో
నాకు ఇప్పటికీ తెలీదు.

ఆగస్టంతా వానలే.
రెండింటికి మెలకువ వస్తుంది, అలవాటు.
ఫోను దిండు కింద చల్లగా ఉంటుంది.

మొన్న మిట్టమధ్యాహ్నం మోగింది.
"సారూ, కరెంటు గురించి గాదు.
సెట్విన్ బస్సు మీద మొదటిది పామే గద?"
పామే.
"దాని పక్కన దువ్వెన లెక్కుంది.
అదేంది?"