కుడి తొడ ఇరవై రెండున్నర

నా కొలతల బుక్కుల సైదులుకు పదకొండు పేజీలు.
పెండ్లికొడుకులకు సుత ఒక్క పేజీయే,
పొట్ట పెరిగినంక మల్ల రారు.

మొదటి పేజీల ఛాతి ఇరవై నాలుగు.
మిర్యాలగూడ మిల్లు కల్లంల
ఉడకబెట్టిన వడ్లు ఎత్తినంక
వేడి తగ్గని సిమెంటు మీద
చక్రాల బూట్లతోని గిర్రున తిరిగే పోరడు.
వాళ్ల నాయిన హమాలి యాదయ్య
నా దుకాణం మెట్లెక్కి,
"ఎగిరితె పిగలొద్దు మాస్టరూ, గంతే" అన్నడు.
సాగే బట్ట మా బజార్ల యాడ దొర్కుతది?
ఆడపిల్లల లెగ్గిన్సు నాలుగు కొని
విప్పి, కలిపి కుట్టిన.
ఇయ్యాల్టి దాక ఎవ్వలకు చెప్పలే.

యాదయ్య అంగీకి కుడి భుజం
అర ఇంచు కిందికి పెడ్త.
ఆయన అడగడు, నేను చెప్ప.
బస్తాలు అట్ల దించినయి దాన్ని.

తర్వాత డెహ్రాడూన్. ఆడ మంచు మైదానమట.
వీనికి ఎరికైన మంచు ఐసు ఫ్యాక్టరీదే:
ఊకల పండబెట్టి, గోనెపట్ట కప్పి
సాగర్ చాపల బండ్లకు ఎక్కిచ్చేది.
"కత్తి అంచు మీద నిలబడాలె మాస్టరూ" అని నవ్విండు,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.
మర్రిగూడ దిక్కు అమ్మమ్మ ఇంట్ల తాగిన నీళ్లు
పండ్ల మీద గోధుమ రంగు గీతలు గీసినయి.
ఆట అయిపోంగనే పండ్లు కనబడ నవ్వాల్నట.
వీడు మూతి ముడుచుకొనే దండం పెట్టిండు.
మార్కులు ఎన్ని పోయినయో నాకు తెల్వది.
ఆ ఏడు కాలరు ఎత్తుగ పెట్టి అద్దాలు కుట్టిన,
చూసేటోళ్ల కండ్లు ఆడనే ఆగాల్నని.

ఆరో పేజీల
రెండు తొడలు వేరువేరుగ రాయాల్సొచ్చింది.
ఎడమ ఇరవై ఒకటి.
కుడి ఇరవై రెండున్నర.
టేపు జారిందనుకొని మల్ల కొలిచిన.
"గాలిల రెండు చుట్లు తిరిగి
ఎప్పుడు దిగినా దీని మీదనే" అని
అంగట్ల కోడెను చరిచినట్టు చరిచిండు.

దేశంల మూడోవాడైన ఏడు
పతకం తెచ్చి మిషను మీద పెట్టిండు, దారపు కండె పక్కన.
జిల్లా పేపర్ల ఫోటో పడ్డది,
కింద 'స్కానింగ్‌లో ప్రతిభ' అని.
నవ్వి నవ్వి ఇద్దరం చాయ్ ఒలకబోసుకున్నం.

తొమ్మిదో పేజీ సగమే నిండింది.
మూడో చుట్టుకు ఎగిరిండు. మోకాలు.
ఆ నీలం డ్రెస్సు హ్యాంగరుకే ఉన్నది,
ఎవలన్న అడిగితె నాటకపోళ్లదంట.

నిన్న వచ్చిండు.
మిల్లుల లెక్కలు రాసే కొలువు, రెండు ప్యాంట్లు కావాలె.
పొద్దుమీకి కల్లంల ఆరుగురు పిల్లలకు నేర్పుతున్నడట,
ఒక పోరి మంచిగ తిరుగుతదట, చెప్పుకుంటనే ఉన్నడు.
నడుము ముప్పై నాలుగు.
అలవాటు కొద్ది కుడి, ఎడమ అని రెండు గడులు గీసిన.
ఎడమ ఇరవై రెండు.
కుడికి టేపు చుట్టి,
ఇప్పి, మల్ల చుట్టిన.
కుడి సుత ఇరవై రెండే.

"ఎంతున్నది మాస్టరూ?"
"ఇరవై రెండున్నర" అన్న
టేపు మెడల ఏసుకుంట.

రాత్రి కరెంటు వచ్చినంక
కుడికాలు అర ఇంచు ఎక్కువ పెట్టే కోసిన.